మావయ్య క్యాసెట్‌లో ఉన్న టీనా టర్నర్ పాట ఏ యాప్‌లోనూ దొరకట్లేదు, ఏ కలెక్షన్ కొనాలి?

ఇజీనారం_వాసు:

అందరికీ నమస్తే, పోస్టు కొంచెం పెద్దదే, ఓపికున్నోళ్లు చదవండి. మేం ఉండేది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, మా మావయ్యది కళింగపట్నం. ఆయన షిప్పుల్లో ఇంజిన్ రూమ్ ఫిట్టర్‌గా పాతికేళ్ల పైనే చేసీసి ఇప్పుడు ఊళ్లో కొబ్బరి చెట్లు చూసుకుంటున్నాడు. 1992లో సింగపూర్‌లో షిప్పు ఆగినప్పుడు ఒక క్యాసెట్ కొన్నాడు, అమెరికా గాయని టీనా టర్నర్ ది, సింప్లీ ద బెస్ట్. అప్పట్నుంచి సెలవుకొచ్చిన ప్రతిసారీ టూ ఇన్ వన్ అరుగు మీద పెట్టి వీధంతా వినపడేలా అదే పాట. మా ఊళ్లో అప్పటికి ఇంగ్లీషు పాటంటే మైకేల్ జాక్సన్ ఒక్కడే తెలుసు, అందుకని చాన్నాళ్లు మావయ్యకి జాక్సన్ అనే పేరు, పాడేది ఆడమనిషి అని ఎంత మొత్తుకున్నా ఎవులూ నమ్మలేదు. మా అమ్మమ్మైతే గుమ్మంలో కూచుని చేపలు తోముకుంటా "ఆ పిల్ల అలా గుక్కపెడతందేటిరా, ఎవులైనా కొట్టీసినారేటి" అనేది.

ఇప్పుడు సంగతేంటంటే వచ్చే నెల మావయ్యకి అరవై నిండుతాయి. ఆ క్యాసెట్ మొన్న సంక్రాంతికి టూ ఇన్ వన్ నమిలీసింది, టేపు బయటకి లాగితే తెగిపోయింది, ఆయన దాన్ని పారేయకుండా బీరువాలో మందుల డబ్బాలో దాచుకున్నాడు. సరే ఫోన్లో వినిపిద్దామని నట్‌బుష్ సిటీ లిమిట్స్ అని కొట్టి పెట్టాను, అది ఆయనకి అన్నిట్లోకీ ఇష్టం. పది సెకన్లు వినీ వినకుండానే "ఇది కాదురా" అన్నాడు. ఇంకోటి పెట్టాను, "ఇదీ కాదు, ఆవిడే పాడింది గానీ ఇది కాదు" అన్నాడు. మూడోది లైవ్, జనం అరుపులు వినగానే కట్టీమన్నాడు. ముప్పై ఏళ్లు విన్న మనిషి, ఆయన చెవి తప్పని నేననుకోను.

కాబట్టి నా డౌట్లు. ఆయన చెప్పే నట్‌బుష్ ఏది? సీడీ కొంటే 1991 సింప్లీ ద బెస్ట్ కొనాలా, 2004 లో వచ్చిన ఆల్ ద బెస్టా, లేకపోతే ఆవిడ పోయాక వచ్చిన పెద్ద సెట్టా? ఊళ్లో డీవీడీ ప్లేయర్ ఉంది, కార్లో పెన్‌డ్రైవ్ పడుతుంది. క్యాసెట్ బాగుచేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా మన వైపు?

జీడితోట_77:

గురూ ఇంత కథ ఎందుకు, యాప్‌లో ఒక ప్లేలిస్టు చేసి ఫోన్ ఇచ్చీ. ఈ రోజుల్లో సీడీ ఎవులు కొంటారు, పెట్టడానికి లాప్‌టాప్‌కి కూడా కన్నం లేదు.

ఇజీనారం_వాసు:

ఆయనింటి వెనకాల సరుగుడు తోట, అక్కడ ఫోన్ మాట్లాడాలంటేనే డాబా ఎక్కాలి అన్నా. పైగా ఆయనకి చేత్తో పట్టుకుని పెట్టుకునేది కావాలి, స్క్రీన్ మీద వేలెట్టి తోసేది కాదు.

నాగావళి_నాని:

వాసు, మీ మావయ్య చెవికి దండం పెట్టాలి, ఆయనే కరెక్టు.

నట్‌బుష్ స్టూడియోలోనే మూడు సార్లు రికార్డయింది. మొదటిది 1973, ఐక్ అండ్ టీనా పేరు మీద (ఐక్ అంటే ఆవిడ అప్పటి భర్త), గిటారు ముందు, అసలు పాట అదే, యాప్‌లో ముందు దొరికేదీ అదే. తర్వాత 1991లో సింప్లీ ద బెస్ట్ వేస్తున్నప్పుడు దాని కోసం కొత్తగా పాడించి డాన్స్ బీటు పెట్టారు, నైంటీస్ వెర్షన్ అని ఉంటుంది, మీ మావయ్య దగ్గరున్నది అది. మళ్లీ 1993లో ఆవిడ జీవితం మీద సినిమా వచ్చింది కదా, దానికి పాత పాటలు చాలావరకు ఆవిడే మళ్లీ పాడింది, అందులో ఇంకో నట్‌బుష్. మీరు పెట్టినవి బహుశా 1973, 1993 అయ్యుంటాయి. నైంటీస్ వెర్షన్ అని పూర్తిగా కొట్టి వెతకండి, లేదా 1991 ఆల్బమ్ తెరిచి ఆరో పాట.

ఈ పాట గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. నట్‌బుష్ అంటే ఆవిడ పెరిగిన ఊరు, అమెరికాలో టెన్నెసీ, పత్తి చేలు. ఆవిడ అసలు పేరు ఆనా మే బుల్లక్, 1939 నవంబర్ 26న పుట్టింది. పాట రాసుకున్నది కూడా ఆవిడే. ఊళ్లో ఏముందో వరసగా చెప్పుకుంటూ పోతుంది అంతే, గుడి, బడి, జిన్ హౌసు, బండి ఎంత స్పీడులో నడపాలి. జిన్ హౌస్ అంటే నేను కాలేజీ రోజుల్లో బ్రాందీ షాపు అనుకున్నాను, కాదు, పత్తి నుంచి గింజలు తీసే మిల్లు. మన గజపతినగరం అవతల ఏ ఊరి గురించైనా అలా రాయొచ్చు, రామకోవెల, రైసు మిల్లు, స్పీడ్ బ్రేకరు, అయిపోయింది ఊరు. ఊరి మీద ప్రేమా కోపమా అన్నది ఆ పాటలో తేల్చదు, నాకు అందుకే నచ్చుతుంది.

ఇక ఏది కొనాలి. మూడూ నా దగ్గర ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

1991 ది ఒక్క సీడీ, 18 పాటలు. మీ మావయ్య క్యాసెట్ అదే. గొడవ లేదు. కాకపోతే ఆ తర్వాత పాడినవేవీ ఉండవు, 1995 లో జేమ్స్ బాండ్ సినిమాకి పాడిన గోల్డెన్ ఐ లాంటివి రాలేదు అప్పటికి. 2004 ది రెండు సీడీలు, అది కొంచెం వెనకా ముందూ కలిపి సర్దినట్టు ఉంటుంది, చెడ్డది కాదు, కానీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి విన్నట్టు నాకు గుర్తు లేదు.

2023 ది వేరే, ఆవిడ కెరీర్ మొత్తం అందులో ఉంది. ఆవిడ 2023 మే 24న స్విట్జర్లాండ్‌లో పోయారు, 83 ఏళ్లు. ఆ నవంబర్‌లో క్వీన్ ఆఫ్ రాక్ ఎన్ రోల్ అని మూడు సీడీల సెట్టు వేశారు, 55 పాటలు, ఎల్పీలైతే అయిదు. 1975లో లెడ్ జెపెలిన్ అనే రాక్ బ్యాండు పాట ఒకటి ఆవిడ తన పద్ధతిలో పాడింది, అక్కడ మొదలెట్టి 2020లో కైగో అనే డీజే చేసిన రీమిక్స్ దాకా. 1983కి ముందు సోలోగా ఆవిడ పాడినవి ఎవరూ పట్టించుకోలేదు, ఆ పదేళ్ల పాటలు ఇలా ఒక చోట వినడం నాకైతే దీన్లోనే కుదిరింది. కొన్ని నిజంగానే బాలేవు, డిస్కో కాలంలో డిస్కో పాడాలి కాబట్టి పాడినట్టుంటాయి. అవి కూడా వినాలి. అవి విన్నాక 1983లో లెట్స్ స్టే టుగెదర్ వస్తుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది ఏం జరిగిందో.

ఒక హెచ్చరిక, అదే పేరుతో అదే కవర్‌తో ఒక్క సీడీ ఎడిషన్ కూడా ఉంది. నేను ఆన్‌లైన్‌లో ఒకడి దగ్గర ఆర్డర్ పెడితే మూడు సీడీలదని రాసి ఒక్క సీడీది పంపీసాడు, వెనక్కి పంపడానికి నెల పట్టింది.

పాతపాటల_పైడి:

నాని గారు చెప్పింది బానే ఉంది గానీ ఆ 2023 సెట్టుని కెరీర్ మొత్తం అని ఎలా అంటారండీ. 1960 నుంచి 1975 దాకా పదిహేనేళ్లు ఏమైపోయినట్టు. ఎ ఫూల్ ఇన్ లవ్ 1960, రివర్ డీప్ మౌంటెన్ హై 1966, ప్రౌడ్ మేరీ 1971. ఆవిడంటే ఇవి కాదా. ఐక్ టర్నర్ ఎదవ, ఒప్పుకుంటాను, కొట్టేవాడు, పుస్తకంలో ఆవిడే రాసుకుంది. అయినా పాట పాటే కదా, ఆ గొంతు ఆవిడదే కదా. ప్రౌడ్ మేరీ వినండి, సీసీఆర్ (క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్) అనే బ్యాండు వాళ్లు 1969లో పాడింది ఒకే నడకలో హాయిగా పోతుంది, ఈవిడ మొదలెట్టడం మాట్లాడుతున్నట్టు నిమ్మళంగా మొదలెట్టి సగం దాటాక పూనకం వచ్చీసినట్టు లేపుతుంది. మన తప్పెటగుళ్లు ఎలా మొదలవుతాయి? అలాగే. ముందు నాలుగు అడుగులు నెమ్మదిగా వేసి, గుండె మీద రేకు తప్పెట చిన్నగా తట్టి, కాసేపయ్యాక ఆ గజ్జెలూ ఆ గెంతుళ్లూ ఆపడం ఎవరి తరం కాదు. 1971 ది లేకుండా ఏ సెట్టయినా నాకు సగమే.

నాగావళి_నాని:

పైడి గారూ, మీ కోపం న్యాయమే. కెరీర్ మొత్తం అనకూడదు, సోలో కెరీర్ మొత్తం అనాలి. కారణం సగం వ్యాపారం. ఐక్ తో ఉన్నప్పుడు పాటలు ఒక కంపెనీ దగ్గర లేవు, ఆ పదిహేనేళ్లలో లేబుల్ మీద లేబుల్ మార్చారు, హక్కులు తలో చోట ఉన్నాయి. అన్నీ ఒక పెట్టెలో పెట్టాలంటే అందరూ ఒప్పుకోవాలి. అందుకే ఏ కలెక్షన్ తీసుకున్నా ఏదో ఒకటి ఉండదు, లేదా ఉన్నది మనం అనుకున్న వెర్షన్ కాదు. వాసు మావయ్యకి జరిగింది అదే.

సరదా ఏంటంటే రివర్ డీప్ ఆ 1991 క్యాసెట్‌లో పాతదే ఉంది. దాని కథ తెలుసు కదా, నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఐక్‌కి డబ్బులిచ్చి స్టూడియో వైపు రావద్దని ఒప్పందం చేసుకుని మరీ రికార్డు చేశాడు. అమెరికాలో 88 దాటి పైకి రాలేదు, ఇంగ్లండ్‌లో మాత్రం 3 దాకా వెళ్లింది.

వీణ_బొబ్బిలి:

నేను సాధారణంగా ఇలాంటి వాటిలో చదివి ఊరుకుంటాను, కానీ వాసు గారి అమ్మమ్మ గారి మాట దగ్గర ఆగిపోయాను. ఎవులైనా కొట్టీసినారేటి అని. చేపలు తోముకుంటూ, భాష రాకుండా, ఎవరో తెలీకుండా, గొంతు విని అనేశారు ఆవిడ.

1976 జులైలో ఐక్‌ని వదిలి డల్లాస్‌లో హోటల్ నుంచి పారిపోయేటప్పుడు టీనా దగ్గర ఉన్నది 36 సెంట్లు, ఒక పెట్రోల్ కార్డు. హైవే అడ్డంగా పరిగెత్తి దాటి అవతలి హోటల్లో గది అడిగింది. 1978లో విడాకులు తేలినప్పుడు పాటల హక్కులు, డబ్బు, వేటికీ గట్టిగా పట్టుబట్టలేదు, టీనా టర్నర్ అన్న పేరు మాత్రం నాకుండాలి అంది. ఆ పేరు పెట్టింది కూడా ఐక్కే. పైడి గారూ, పాత పాటలు లేవని మీరు అంటున్నారు కదా, ఆ పాటలు ఆవిడ వదిలేసి వచ్చిన ఇంట్లో ఉండిపోయాయి అనుకోండి. 1991లో ఒకటి, 1993లో కొన్ని, మళ్లీ కూర్చుని పాడుకుంది. అవి రీమేకులని చిన్నచూపు చూడకండి. నాకు మటుకు 1993 ప్రౌడ్ మేరీయే ఎక్కువ ఇష్టం, మీరు తిట్టుకున్నా సరే.

నేను విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకి చెప్తున్నాను. సుశీలమ్మ నడిచిన వరండాల్లో నడిచాం అని మాకు ఒక గర్వం ఉండేది, గొంతంటే అలా పట్టుపంచె మీద వెన్నెల పడ్డట్టు ఉండాలి అనుకునేదాన్ని. టీనా పాట మొదటిసారి విన్నప్పుడు ఇది గొంతు చించుకోవడం అనిపించింది. తర్వాత ఒకసారి మా ఊళ్లో జముకుల కథ రాత్రంతా విన్నాను. ఆ జముకు మోత మీద, మైకు సరిగా లేకుండా, తెల్లారే దాకా కథ నడిపే గొంతుకి గరుకు రాకుండా ఎలా ఉంటుంది? కానీ శ్రుతి వదల్లేదు వాళ్లు. ఆ మర్నాడు ఇంటికొచ్చి టీనాని మళ్లీ విన్నాను. గరుకు వేరు, అపస్వరం వేరు, నాకు అప్పుడు బుర్రకెక్కింది.

అందుకే పెద్ద సెట్టు కొంటే ఒక పని చేయమంటాను, కాలం వరసలో వినండి. 1966 రివర్ డీప్ విడిగా సంపాదించి ముందు అది పెట్టుకోండి, అక్కడ పై స్థాయిలో ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది, వెనకాల అంత పెద్ద వాద్యబృందం ఉంటే దాన్ని దాటి వినపడాలి కదా. 1984లో ప్రైవేట్ డాన్సర్‌కి వచ్చేసరికి సగం పాట దాదాపు మాట్లాడుతున్నట్టే, కింది స్థాయిలో, అలసిపోయిన మనిషిలా. ఆ పాట మార్క్ నాప్‌ఫ్లర్ రాసింది. అదే ఏడాది వాట్స్ లవ్ గాట్ టు డు విత్ ఇట్ అమెరికాలో నంబర్ వన్ అయింది, ఆవిడకి అప్పుడు 44 ఏళ్లు, మొదట ఆ పాట తనకి నచ్చనే లేదట. అరవకుండా పాడిన పాటే ఆవిడకి మొదటి నంబర్ వన్ ఇచ్చింది చూడండి.

కలెక్షన్లలో మనకి కావలసింది ఉండదన్న బాధ అందరిదీనూ. సుశీల గారివి 17,695 పాటలని 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చారు, నేను కొన్న ప్రతి సీడీలోనూ మళ్లీ మళ్లీ అవే నలభై.

పాతపాటల_పైడి:

అమ్మా మీరు ఇంటిమాట చెప్పాక నేనేం మాట్లాడను. 1993 ది మళ్లీ వింటాను. కానీ 1971 దే గొప్పది.

సౌండ్_సీను:

క్యాసెట్ సంగతి ఎవులూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇరవై ఏళ్ల కిందట క్యాసెట్లు రికార్డింగ్ చేసీవాడిని, ఇప్పుడు సెల్ రిపేరు.

వాసూ, తెగిన టేపుకి మామూలు సెల్లో టేపు అంటించొద్దు, నెల తిరక్కుండా జిగురు కారి హెడ్‌కి పట్టీసి మిగతా క్యాసెట్లు కూడా పాడవుతాయి. స్ప్లైసింగ్ టేపని ఉంటుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నలిగిన ముక్క రెండు వైపులా కత్తిరించీ, నిలువుగా కాదు, ఏటవాలుగా, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కోతలో కొయ్యి అప్పుడు సరిగ్గా అతుకుతాయి. అతుకు హెడ్‌కి తగిలే వైపు కాదు, వెనక వైపు. మూలల్లో స్క్రూలుంటే విప్పుకోవచ్చు, స్క్రూలు లేకుండా అతికించిన క్యాసెట్ అయితే పాత స్క్రూల క్యాసెట్ ఒకటి ఖాళీ చేసి అందులోకి రీళ్లు మార్చు. లోపల హెడ్ ఎదురుగా చిన్న స్పంజి ముక్క రాగి రేకు మీద ఉంటుంది చూడు, అది ఊడిపోయి ఉంటే సౌండు మూగబోతుంది, దాన్ని కూడా మార్చు. సముద్రం పక్క ఊరు కాబట్టి టేపు అంచుల మీద తెల్లగా బూజు ఉందేమో చూడు, ఉంటే ప్లే చేయకు, నా దగ్గరికి పట్టుకురా.

నమిలింది క్యాసెట్ తప్పు కాదు, టూ ఇన్ వన్‌లో రబ్బరు రోలరు జిడ్డు పట్టి ఉంటాది. ఇయర్ బడ్డుకి స్పిరిట్ ముంచి తుడు, నల్లగా వస్తాది, తెల్లగా వచ్చీదాకా తుడు. బెల్టు సాగిపోయుంటే అది కూడా మార్చాలి లేకపోతే ఆవిడ గొంతు మగాడి గొంతులా వస్తాది, అప్పుడు మీ ఊళ్లోవాళ్లు జాక్సన్ అన్నది నిజమైపోతాది.

ఇంకోటి, నువ్వు ఒక సైడులో ముక్క కోస్తే అవతలి సైడులో కూడా అదే చోట ముక్క పోతాది. టేపు ఒకటే కదా. ముందే చెప్తున్నాను తర్వాత నన్ను అనొద్దు.

బాగయ్యాక మళ్లీ మళ్లీ వెయ్యకుండా ఒకసారి ప్లే చేసి వైరు పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించీ.

జీడితోట_77:

సీను అన్నా మీ దగ్గర బ్లాంకు క్యాసెట్లో పాటలు లిస్టు రాసి ఇస్తే ఎక్కించీవోరు కదా, పన్నెండు పాటలు రాస్తే పదకొండే ఎక్కించీవోరు, ఒకటి సగంలో కట్టయిపోయేది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా అక్కడికొచ్చేసరికి ఆగిపోతాదేమో అనిపిస్తాది.

సౌండ్_సీను:

అరవై నిమిషాల క్యాసెట్లో డెబ్బై నిమిషాల లిస్టు ఇచ్చీవోళ్లు మీరు. అదీ కలెక్షనే బావు.

ఇజీనారం_వాసు:

అప్డేటు. ముందుగా అందరికీ చాలా థ్యాంక్స్, వీణ గారి పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను, అమ్మమ్మ గుర్తొచ్చి కాసేపు ఏం మాట్లాడలేదు.

2023 మూడు సీడీలది ఆర్డర్ పెట్టాను, వెనక అట్ట మీద మూడు డిస్కులని చూసుకునే తీసుకున్నాను నాని గారూ. ఈలోగా ఆదివారం కళింగపట్నం వెళ్లి క్యాసెట్ పట్టుకున్నాం. స్క్రూలున్నదే. మావయ్యే విప్పాడు, ఇంజిన్ రూమ్‌లో చేసినోడు కదా నన్ను ముట్టుకోనివ్వలేదు, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని బ్లేడుతో ఒకే కోత, మా అత్త టార్చి పట్టుకుంది. రోలరు తుడిస్తే నాలుగు బడ్లు బొగ్గులా వచ్చాయి. బూజు లేదు.

పెట్టగానే నైంటీస్ వెర్షన్ వచ్చింది, "ఇదీ" అన్నాడు అంతే. అతుకు దగ్గర పాట గుటుక్కున గెంతింది, ఆయన అక్కడ పోయిన ముక్క నోటితో పాడి అందుకున్నాడు. సీను గారు చెప్పినట్టే సైడు తిప్పితే ప్రైవేట్ డాన్సర్ మధ్యలో కూడా గెంతుతోంది, దానికి మాత్రం కొంచెం ఫీలయ్యాడు.

సీను గారూ మీ షాపు ఏ టైము దాకా ఉంటుంది? మావయ్య ఇంకో ఏడు క్యాసెట్లు సంచిలో వేసి ఇచ్చీసాడు, రెండింటికి బూజు ఉంది, ఒకదాని మీద పేరు లేదు, అదేంటని అడిగితే అత్త ఎదురుగా చెప్పనంటున్నాడు.